ఇంటి చదువు, బడి చదువు

మా యానాది పిల్లలు వెనకబడితే 'అమ్మానాన్నలకు అక్షరం రాదు, ఏం చేస్తాం?' అంటారు. అది కారణమే, తీర్పు కాదు. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల కావలికి పోయే కుటుంబం పిల్లల్నీ వెంటబెట్టుకుపోతుంది. కూలి ఆగితే పొయ్యి వెలగదు. బడి మానడం అక్కడ మొదలవుతుంది. రోజూ బడికొచ్చే బిడ్డకైనా రాత్రి హోంవర్కు చెప్పేవారుండరు. చదువుకున్న ఇంట్లో ఆ పని తల్లి చేస్తుంది. అప్పుడొచ్చే మార్కులు బిడ్డవా, తల్లివా?

2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత చదువు ఇమ్మంది. తల్లిదండ్రులు చదివుండాలని షరతు పెట్టలేదు. ఇంట్లో దొరకనిది బడిలో దొరకాలి. హోంవర్కు బడిలోనే చేయించడం దయ కాదు, న్యాయం. నీటి పోటు చూసి పీత జాడ చెప్పే తండ్రిని తెలివిలేనివాడనడం మాత్రం అన్యాయమని మేమంటాం.