ఇద్దరు వైద్యులు, ఒక రోగి



మాక్లూరు చుట్టునున్న మన సంఘములలో ప్రార్థనకొరకు వచ్చు మనవులలో "బీపీ" అను మాట వినబడని ఆదివారము ఇప్పుడు లేదు. రక్తపోటు చాలమందిలో ఏ నొప్పియు పుట్టింపదు. ఏండ్ల తరబడి లోలోపల తన పని చేసికొనుచు ఒకనాడు మెదడునో, గుండెనో, మూత్రపిండములనో పట్టుకొనును. దానికి వేసికొను మాత్రయైతే కొందరిని ఆ వారముననే బాధపెట్టును. కనబడని కీడును తప్పించుకొనుటకై కనబడు బాధను ఎంతవరకు ఓర్చుకొనవలెను? పైగా ఒక వైద్యుడు వేసికొమ్మనిన మందును మరియొక వైద్యుడు మానుమనినయెడల ఎవరి మాట నమ్మవలెను? ఇందులో మందుల సంగతితోపాటు సత్యమును భయమును గూర్చిన సంగతి కూడ ఉన్నది గనుక దీనిని సంఘమందు విచారించుట తగునని మేము తలంచుచున్నాము.

ముందు మన యిండ్లలో జరుగునది చూతము. మన ఆడవారిలో అనేకులు ఉదయము మొదలు ప్రొద్దుగూకువరకు చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుదురు. ఆమ్లోడిపిన్ అను మాత్ర వేసికొనువారిలో కొందరికి చీలమండలు వాచును. కాళ్లు కదల్పక కూర్చుండువారికి ఆ వాపు మరి ఎక్కువగా తెలియును. "అయ్యగారూ, ఆ గోలీ ఏసుకుంటే కాళ్లు ఉబ్బుతున్నయి, చెప్పులు పడ్తలేవు" అని ఒక తల్లి మాతో చెప్పెను. పసుపు తవ్వుటకు, చెరకు నరుకుటకు పోవు స్త్రీకి మూత్రము ఎక్కువగా పోవు మాత్ర వ్రాసిరనుకొనుడి. చేనులో ఆమెకు మరుగు ఏది? పనికి పోవు దినములలో ఆ మాత్ర మానును, ఆదివారము వేసికొనును. ఎనలాప్రిల్, రామిప్రిల్ అను మాత్రలు కొందరిలో పొడి దగ్గు పుట్టించును. రాత్రియంతయు దగ్గి, ఇది క్షయయేమో అని వణకినవారిని మేమెరుగుదుము. అటెనొలాల్ వంటివి కొందరిని నీరసపరచును.

ఇవన్నియు వైద్యులు ఎరిగినవే. చాలవాటికి మారుమందు కలదు. దగ్గు వచ్చినవారికి లోసార్టాన్ గాని టెల్మిసార్టాన్ గాని మార్చి వ్రాయుదురు. వాపు వచ్చినయెడల మోతాదు తగ్గించుదురు, లేక వేరొక మందు చేర్చుదురు. మూత్రము పోవు మాత్రకు పనికి అడ్డురాని వేళ చూచి చెప్పుదురు. అయితే మనవారు చేయుచున్నదేమి? "మందు పడలేదు" అని ఇంట చెప్పుకొందురు, పొరుగింట చెప్పుకొందురు, పాస్టరుకును చెప్పుదురు; చెప్పవలసిన వైద్యునికి మాత్రము చెప్పరు. గోలీలు వేసికొనుచున్నావా అని ఆయన అడిగినప్పుడు "ఏసుకుంటున్న సార్" అందురు. ఆయన కొలిచి చూడగా అంకె ఎక్కువగా నుండును. ఇచ్చిన మందు చాలలేదని తలంచి ఆయన మోతాదు పెంచును. తరువాత ఒకనాడు పొరుగున ఎవరికో పక్షవాతము వచ్చెనని విని, మనవారు భయపడి ఆ పెంచిన మందు అంతయు నిజముగానే మ్రింగుదురు. పోటు ఒక్కసారి దిగిపోయి కన్నులు తిరిగి పడుదురు. ఆ వైద్యునికి ఏమియు తెలియదని ఊరంతయు చెప్పుకొనును.

అక్కడనుండి బస్సెక్కి నిజామాబాదు ఖలీల్‌వాడికి పోవుదురు. మొదటి చీటీ ఇంటనే మానివేసి పోవుదురు. చూపినచో క్రొత్త డాక్టరు కోపపడునని ఒక తలంపు. ఆయన తన చీటీ తాను వ్రాయును. ఒకే మందు రెండు పేర్లతో రెండు డబ్బాలలో ఒకే ఇంట నున్నదని ఎవరు కనిపెట్టవలెను? ఇంతలో నడుము నొప్పికని ఊరిలో కొని మ్రింగిన డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు పోటును పెంచుననియు చాలమంది ఎరుగరు. ఇప్పుడు చెప్పుడి, ఈ ఇద్దరు వైద్యులకు భేదము ఎక్కడనుండి వచ్చినది? ఒకే మనిషిని గూర్చి వారు రెండు కథలు వినిరి.

అయినను భేదమంతయు మనవలన కలిగినదనుట న్యాయము కాదు. వైద్యులలో నిజమైన అభిప్రాయభేదములు కలవు. 1944 మార్చిలో అమెరికా అధ్యక్షుడగు రూజ్‌వెల్టును హోవర్డ్ బ్రూయన్ అను గుండె వైద్యుడు పరీక్షించి 186/108 అని కనుగొని, గుండె బలహీనమైనదని చెప్పెను. అధ్యక్షుని స్వంత వైద్యుడైన మెకింటైర్ ఆయన ఆరోగ్యము బాగుగానే యున్నదని లోకమునకు చెప్పుచుండెను. 1945 ఏప్రిల్ 12న రూజ్‌వెల్టు మెదడులో రక్తస్రావమై మృతినొందెను. వయస్సుతోపాటు పోటు పెరుగుట దేహమునకు అవసరమేనని, దానిని దింపరాదని తలంచిన గొప్ప వైద్యులు ఆ కాలమున ఉండిరి. 1967లోను 1970లోను అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులలో ఎడ్వర్డ్ ఫ్రీస్ నడిపిన పరీక్షల ఫలితములు వెలువడిన తరువాతనే, మాత్రలవలన పక్షవాతములు తగ్గునని నిస్సందేహముగా తేలెను. అంతటితో వాదము ముగిసెనా? 2014లో అమెరికాలోని నిపుణుల సంఘమొకటి అరువది యేండ్లు దాటినవారికి పై అంకె 150 చేరినప్పుడు మందు మొదలుపెట్టిన చాలుననగా, ఆ సంఘమందలి కొందరు సభ్యులే 140 వద్దనే మొదలుపెట్టవలెనని వేరుగా ప్రకటించిరి. 2017లో అక్కడి గుండె వైద్యుల సంఘములు 130/80 నే ఎక్కువ పోటుగా ఎంచవలెననిరి. ఇందులో అబద్ధికుడెవడు? ఎవడును కాడు. పోటు ఎక్కువ దింపినకొలది పక్షవాతము భయము తగ్గును, కన్నులు తిరిగి పడు భయము పెరుగును. ఒక వైద్యుడు మొదటిదానిని ఎక్కువగా తూచును, మరియొకడు రెండవదానిని. ముసలితల్లి ఒంటరిగా నివసించుచు రాత్రివేళ లేచి బయటికి పోవునని ఆ తూచువానికి తెలియవలదా?

మందు మేలుతోకూడ కీడును తెచ్చుట క్రొత్త సంగతి కాదు. మన దేశపు సర్పగంధ వేరు రక్తపోటును దింపునని 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు ఇంగ్లండు పత్రికలో ప్రకటించగా లోకమంతయు ఆశ్చర్యపడెను. ఆ వేరునుండి తీసిన మందు కొందరి మనస్సును దుఃఖములో ముంచుననియు పిమ్మట తెలిసెను. దగ్గు పుట్టించునని పైన చెప్పిన మాత్రల జాతి బ్రెజిలు దేశపు విషసర్పమును గూర్చిన పరిశోధనలనుండి పుట్టినది. వాటిలో మొదటిది 1981లో అమెరికాలో అనుమతి పొందెను. అరణ్యమందలి ఇత్తడి సర్పమును ఎరిగిన మనకు ఇది వింతగా తోచదు. మన సమీపమున డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను స్త్రీవైద్యురాలు 1932లో మృతినొందువరకు కుష్ఠరోగులకు సేవచేసెను. ఆ దినములలో ఆ రోగమునకు చాల్‌మూగ్రా జాతి నూనెలే ముఖ్యమైన మందు. నోట త్రాగినచో కడుపులో నిలువదు; సూదితో ఎక్కించినచో ఆ చోట నొప్పి. అది ఓర్చుకొన్న రోగులకు రోగము కన్నులయెదుటనే యుండెను. రక్తపోటు కన్నులకు కనబడదు గనుక మన ఓర్పు త్వరగా తరిగిపోవుచున్నది.

మార్కు సువార్త అయిదవ అధ్యాయమందలి రక్తస్రావముగల స్త్రీని జ్ఞాపకము చేసికొనుడి. ఆమె అనేక వైద్యులచేత శ్రమలుపడి, కలిగినదంతయు వ్యయపరచి, మరింత సంకటపడెనని మార్కు దాపరికము లేకుండ వ్రాసెను. (వైద్యుడైన లూకా అదే కథను వ్రాయునప్పుడు ఆ మాట కొంత మెత్తగా చెప్పెనని మా సెమినరీలో గురువులు నవ్వుచు చూపెడివారు.) మందువలనను వైద్యులవలనను బాధపడినవారిని వాక్యము తిరస్కరింపదు. అయితే ఆ స్త్రీ చివరకు చేసినదానిని మనము ఊరక దాటిపోవుదుము. ఎవరికిని తెలియకుండ వచ్చి, ఎవరికిని తెలియకుండ పోగోరిన ఆమె, భయముతో వణకుచు ప్రభువు ఎదుట సాగిలపడి తన సంగతియంతయు నిజముగా చెప్పెను. ఆమెకు అంతవరకు ఎంత సిగ్గు! పన్నెండేండ్ల సిగ్గు. ఆయన ఆమెను గద్దింపలేదు, కుమారీ అని పిలిచెను.

ఆసా రాజు వైద్యులను నమ్మి చెడెనని చెప్పి మాత్రలు వేసికొనుట అవిశ్వాసమనువారు మన మధ్యను ఉన్నారు. ఆ రాజు దేవుని విడిచెనని అక్కడ తప్పు పట్టబడెనే గాని వైద్యుని పిలిచెనని కాదు. తిమోతి కడుపు జబ్బునకు పౌలే మందు చెప్పెను గదా. ఈ వాదముమీద ఇంతకంటె కాలము గడుపుట మాకు ఇష్టము లేదు.

మాకు ఎక్కువ భయము కలిగించువాడు అహాబు. నాలుగు వందలమంది ప్రవక్తలు తన మనస్సునకు నచ్చినది పలుకగా, మీకాయాను మాత్రము అతడు ద్వేషించెను. రెండవ వైద్యుని అడుగుట తప్పు కాదు. యెహోషాపాతు ఇంకొకడు లేడా అని అడిగినది మంచి ప్రశ్న. కాని మందు మానుమను వైద్యుడు దొరకువరకు తిరుగుట అహాబు మార్గము. ఇద్దరి భేదమును తీర్చుటకు ఒక సుళువైన పద్ధతి కలదు: రెండవవానియొద్ద మొదటివాని చీటీ పెట్టి, ఆయన ఇట్లనెను, మీరేల వేరుగా చెప్పుచున్నారని వినయముగా అడుగుట. మంచి వైద్యుడు కారణము చెప్పును. అడిగినందుకు కసరుకొను వైద్యుడు, పేదల నోరు మూయించి, వారి దాపరికములో తానును పాలివాడగుచున్నాడని మా అభిప్రాయము. రోజుకు వందమందిని చూచువారి అలసటను మేమెరుగకపోలేదు. అయినను బీడీలు చుట్టు తల్లి కాళ్లను ఒకసారి వంగి చూచుటకు ఎంత సేపు పట్టును?

చెప్పవలసినవి ఇవి: ఏ మాత్ర ఏ దినములలో మానితిమి, ఎందుకు మానితిమి, నాటుమందు ఏమి త్రాగితిమి, నొప్పి మాత్రలు ఎన్ని మ్రింగితిమి, సారా త్రాగుదుమా, పచ్చడి లేనిదే ముద్ద దిగదా. గర్భవతియైన స్త్రీ, లేక గర్భము ధరింపవచ్చునని తలంచు స్త్రీ, ఆ సంగతి ముందే చెప్పవలెను. పైన చెప్పిన ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ అనునవి కడుపులోని బిడ్డకు హానిచేయును. పోటు కొలుచుటలో కూడ సత్యము కావలెను. ఎండలో బస్సు దిగి, పరుగున వచ్చి, టీ త్రాగి చేయి చాపినచో అంకె అబద్ధమాడును. అయిదు నిమిషములు వీపు ఆనించి, పాదములు నేలమీద ఉంచి, మాటలాడక కూర్చుండి, చేతిని గుండె ఎత్తున పెట్టవలెను. వచ్చిన అంకెను తేదీతో ఒక పుస్తకములో వ్రాయించుకొనుడి. చదువురానివారికి సండేస్కూలు పిల్లలు వ్రాసిపెట్టుదురు.

ఇద్దరు రెండు మాటలు చెప్పినారు, మరల చూపించుకొనుటకు వారము పట్టును, ఈ రాత్రి ఏమి చేయవలెను అని అడుగువారు కలరు. రెండు చీటీల మందులు కలిపి వేసికొనవద్దు. అంతవరకు వేసికొనుచున్న మాత్రను మీ అంతట మీరు మానవద్దు. అటెనొలాల్, క్లోనిడిన్ వంటివాటిని ఒక్కసారి మానుట అపాయకరము. మరునాడే రెండు చీటీలును, ఇంటనున్న మాత్రల అట్టలన్నియు ఒక సంచిలో వేసికొని దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పొండి. పెదవులు గాని నాలుక గాని వాచినను, సొమ్మసిల్లినను, గుండెలో నొప్పి పుట్టినను, ఒక ప్రక్క చేయి కాలు పడిపోయినను, మాట ముద్దగా వచ్చినను తెల్లవారువరకు ఆగవద్దు. సంచి వెదకుచు కూర్చుండక 108కి ఫోను చేయుడి.