శిష్యులను వెదకివచ్చిన గురువు



శ్రీమద్భాగవత దశమస్కంధములోని కుచేలోపాఖ్యానము మన యిండ్లలో పసిపిల్లలకు సైతము పరిచితమే. అయితే అటుకుల ముచ్చట గుర్తున్నంతగా, అంతకుముందు శ్రీకృష్ణుడు తన బాల్యసఖునకు జ్ఞాపకముచేసిన మరియొక ముచ్చట మనకు గుర్తుండదు.

సాందీపని మహర్షి యాశ్రమమున చదువుకొనునాడు గురుపత్ని యాజ్ఞపై ఆ బాలురు కట్టెలకై అడవికేగిరి. అకాలవర్షము కురిసెను, చీకట్లు క్రమ్మెను. మిట్టపల్లములు తెలియక, ఒకరి చేయి నొకరు పట్టుకొని రాత్రియంతయు తిరుగాడిరి. సూర్యోదయమగుసరికి గురువు తానే వారిని వెదకుచు వచ్చెను. కట్టెల మాట ఎత్తలేదు, ఆలస్యమునకు కోపింపలేదు. తమకొరకు వారుపడిన శ్రమను గుర్తించి, గురుఋణము తీర్చుకొంటిరని మెచ్చి, మనసార దీవించెను. ద్వారకాధీశుడైన పిమ్మటను స్వామి ఆ మాటను మరువలేదు. సమయోచితమైన మెప్పు బాలుని హృదయమున ఎంతకాలము నిలుచునో దీనివలన తెలియుచున్నది.

సప్తమస్కంధమున ఇందులకు విరుద్ధమైన గురుకులము కనబడును. చండామార్కులు ప్రహ్లాదుని గద్దించిరి, బెత్తము తెమ్మనిరి. ఫలితమేమి? వారి చదువు ఆతనికి అంటలేదు. గురువులు ఇంటిపనులపై నేగినప్పుడు అదే ప్రహ్లాదుడు తోడిబాలురను చేరదీసి, చిరునవ్వుతో మాటాడగా, వారందరు ఆటవస్తువులను విడిచి ఆతని చుట్టు కూర్చుండిరి. బెత్తము సాధింపలేనిది ప్రేమ సాధించినది.

ఈ కథలను ఎన్నో ఏండ్లు పాఠము చెప్పిన నేనే వాని సారమును గ్రహింపక తప్పుచేసితిని. అయిదేండ్లు లాలించి, పదియేండ్లు దండించి, పదునారవయేట మిత్రునివలె చూడవలెనను నీతిశ్లోకములో నాకు నడిమిపాదమే రుచించినది. ఒక బాలుడు రామశబ్దమున తృతీయావిభక్తికడ దినదినము తడబడుచుండెడివాడు. ఒకనాడు కొట్టితిని. మరునాటినుండి బడికి రాలేదు. కొన్నాళ్లకు కోవెల మండపమున వానిని చూచితిని. తమ్ముని ఒడిలో కూర్చుండబెట్టుకొని అదే శబ్దమును ఒక్క తప్పైనను లేక ఓర్పుతో చెప్పించుచుండెను. నన్ను చూడగనే లేచి నిలిచెను. నోట మాట పెగలలేదు. వానికి లేనిది చదువు కాదు, ధైర్యము. దానిని పోగొట్టినవాడను నేను. బ్రతిమాలి పిలిచితిని గాని, మరల రాలేదు.

మేలు బోధించువాడు హింస విడిచి, మధురముగ, మృదువుగ పలుకవలెనని మనుస్మృతి ద్వితీయాధ్యాయమే చెప్పుచున్నది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము బడిలో దేహదండనమును, మానసికవేధింపును నిషేధించినది. ఇంటిలోని పరుషవాక్కును మాత్రము మనమే అరికట్టుకొనవలెను.

కావున తల్లిదండ్రులారా! బిడ్డ బడినుండి రాగానే మార్కులను గూర్చి ప్రశ్నింపక, నేడు ఎవరికి ఏ మేలు చేసితివని అడుగుడు. ఊరక మంచివాడవనుట చాలదు. అవ్వకు మంచినీరు ఇచ్చితివి, తప్పును దాచక చెప్పితివి అని చేసినపనిని పేర్కొని మెచ్చుకొనుడు. మెప్పు నలుగురిలో, దిద్దుబాటు ఏకాంతమున జరుగవలెను. అన్నతోను, పొరుగింటివానితోను పోల్చి కించపరుపకుడు. తప్పును చూచిచూడనట్లు విడువుమని కాదు. తప్పును దిద్దుడు, బిడ్డను త్రోసివేయకుడు. మీరు అసత్యమాడుచు బిడ్డను సత్యమాడుమనిన వాడు మీ నోటిని గాక నడతనే అనుసరించును.

స్వామిసన్నిధిలో అర్చకులు శఠారి పెట్టునప్పుడు ఈతడు పండితుడా, పామరుడా యని అడుగరు. వంచిన ప్రతిశిరస్సున ఉంచెదరు. గురువు చేయి, తల్లిదండ్రుల చేయి బాలుని తలపై అట్లే ఉండవలెను. అడవిలో దారితప్పిన శిష్యులను గురువే వెదకివచ్చెను. మన బిడ్డ తడబడినప్పుడు మొదటి అడుగు మనమే వేయుదము.

శ్రీకృష్ణార్పణమస్తు.