గంటల లెక్క

2024 డిసెంబరు సెలవులకు అమెరికా నుంచి మా మేనల్లుడు హోసూరు వచ్చాడు. అక్కడే పుట్టి పెరిగినవాడు. తెలుగు బాగానే మాట్లాడతాడు, చదవలేడు. మూడు పెద్ద గ్రీకు అక్షరాలున్న చొక్కా తొడుక్కుని ఇంట్లో తిరుగుతుంటే మా అమ్మ పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇదేం బాస నాయనా?"

"గ్రీకు, అవ్వా."

"నీకొస్తుందా?"

"రాదు."

"రాని బాసను రొమ్ము మీద మోస్తా ఉండావు, వచ్చే బాసలో పేరు రాసేది మాత్రం తెలీదు!"

వాడు నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, ఆ రాత్రి నా నిద్ర చెడింది. కారణం చివర చెబుతాను.

ఆ అక్షరాలు ఆల్ఫా ఫై ఒమేగా అనే విద్యార్థి సోదర సంఘానివి. అమెరికా కాలేజీల్లో ఇలాంటి వాటిని ఫ్రటర్నిటీ అంటారు. ఒక్కో కాలేజీలోని శాఖను చాప్టర్ అంటారు. చేరినవాళ్లు ఒకరికొకరు అన్నదమ్ములు, బతికినంత కాలం. ఈ గ్రీకు అక్షరాల ఆచారం 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో ఫై బీటా కాప్పాతో మొదలైంది. తరువాత వచ్చిన వాటిలో చాలా సంఘాలు సొంత భవనాలు కట్టుకుని, విందులూ వినోదాలే వ్యాపకంగా పెట్టుకున్నాయి. మా వాడి సంఘం ఆ జాతిది కాదు. 1925 డిసెంబరులో పెన్సిల్వేనియాలోని లఫాయెట్ కాలేజీలో ఫ్రాంక్ రీడ్ హార్టన్ అనే విద్యార్థి, స్కౌటు ఉద్యమం స్ఫూర్తితో, సేవ కోసమే దీన్ని ప్రారంభించాడు. భవనాలు లేవు. 1976 నుంచి ఆడపిల్లల్నీ చేర్చుకుంటున్నారు. వాళ్లకీ పేరు సోదరులే!

సభ్యుడు ప్రతి అర్ధ సంవత్సరానికీ ఇన్ని గంటలు సేవ చేయాలని చాప్టర్ నిర్ణయిస్తుంది. అన్నం లేనివాళ్లకు వండి పెట్టడం, రక్తదాన శిబిరంలో నిలబడడం, పార్కులు ఊడ్చడం, ఏదైనా సరే. గంటలు పుస్తకంలో ఎక్కుతాయి. చాలకపోతే సంజాయిషీ చెప్పుకోవాలి. తల్లికి జబ్బు చేసి ఇంటికి వెళ్లిన ఒక పిల్లవాడికి ఈసారి గంటలు తక్కువ పడ్డాయట. "తల్లికి చేసింది లెక్కలోకి రాదా?" అని అడిగాను. "రాదు మామా, అది సేవ కాదు, ఇల్లు" అన్నాడు.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. లెక్క రాయడాన్ని చులకన చేస్తే నా అన్నానికే అపచారం. పైగా నేనూ గంటలు రాసుకున్నవాణ్ణే. 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి సంవత్సరంలో, మన ప్రభుత్వం 37 విశ్వవిద్యాలయాల్లో సుమారు 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం, అదే ఎన్నెస్సెస్, ప్రారంభించింది. రెండేళ్లలో 240 గంటలు, ఒక ప్రత్యేక శిబిరం, చివర ఒక సర్టిఫికెట్. నేను 1988లో కృష్ణగిరి వైపు ఒక పల్లెలో పది రోజులు శిబిరం చేశాను. యాభై మందిమి. ఊళ్లోకి మట్టిరోడ్డు వేశాం. రాత్రుళ్లు మద్యపానం మీద నాటకం ఆడాం. ఊరంతా తెలుగు ఇళ్లే కాబట్టి నాటకంలో నాకు పెద్ద వేషం దొరికింది.

ఊరికి మంచినీళ్ల బావి ఒకటే. మనిషికి రోజుకు నాలుగు బిందెలు అనుకున్నా, స్నానాలకూ వంటకూ కలిపి యాభై మందికి రెండు వందల బిందెలు, పది రోజులకు రెండు వేలు. ఈ లెక్క అప్పుడు వేయలేదు. ఆరో రోజు నుంచి ఆడవాళ్లు చేల గట్ల మీదుగా ఎక్కడికో వెళ్లి నీళ్లు తెచ్చుకుంటున్నారు. ఒక ముసలావిడ నా చేతిలోని పార చూసి, "పొయ్యేటప్పుడు ఆ బాయి కూడా రవంత లోతు చేసి పొండి నాయనా" అంది. మెచ్చుకుంటోందనుకున్నాను.

బ్యాంకు ఇంటర్వ్యూలో ఆ సర్టిఫికెట్ గురించి అడిగారు. గ్రామీణ సేవ మీద గంభీరంగా మాట్లాడాను, ఉద్యోగం వచ్చింది. 2004లో పాడి ఆవుల రుణాలు తనిఖీ చేయడానికి మళ్లీ ఆ పల్లెకే వెళ్లవలసి వచ్చింది. తారురోడ్డు వేరే దారిన పడింది. మా మట్టిరోడ్డు ఎక్కడుందో నేనే గుర్తుపట్టలేకపోయాను. మా మాట ఎవరికైనా గుర్తుందా అని ఆశగా అడిగితే ఒకాయన, "కాలేజీ పిలకాయలు వచ్చి బాయి తోడేసిన ఏడు కదా?" అన్నాడు.

జంట పద్దులో ఒక ఖాతాకు జమ పడిందంటే ఇంకో ఖాతాకు ఖర్చు పడే ఉంటుంది. మా 240 గంటల్లో జమ ఎవరికి, ఖర్చు ఎవరికి? జీతం ఇప్పటికీ తీసుకుంటున్నది నేను. నీళ్లు మోసింది వాళ్లు. అందువల్ల ఎన్నెస్సెస్ వ్యర్థమని అనను. ఆ పది రోజులు లేకపోతే నేను ఆవుల రుణం కాగితం మీద తప్ప ఆవును చూసేవాణ్ణి కాను. అది నేర్చుకోవడం. నేర్చుకున్నవాడు నేర్పినవాళ్లకు ఉపకారం చేశానని రసీదు రాయించుకోవడమే నాకు ఇబ్బందిగా ఉంది.

గంటలు రాయని సేవ కూడా ఆ గ్రీకు అక్షరాల చరిత్రలో ఉంది. తెల్లవాళ్ల సంఘాలు రానివ్వకపోతే నల్లవాళ్లు సొంతంగా పెట్టుకున్నారు. 1906లో కార్నెల్‌లో ఏడుగురు విద్యార్థులు ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టారు. మార్టిన్ లూథర్ కింగ్ తరువాత అందులో సభ్యుడయ్యాడు. 1908లో హోవర్డ్ విశ్వవిద్యాలయం ఆడపిల్లలు ఆల్ఫా కాప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. మన చెన్నై ఆడపడుచు కూతురు కమలా హారిస్ ఆ సంఘమే. దాని సభ్యులు 1935 మొదలుకొని కొన్నేళ్లపాటు ప్రతి వేసవిలోనూ మిసిసిపీ పత్తి పొలాలకు కార్లలో వెళ్లి కూలీల పిల్లలకు మశూచికి, డిఫ్తీరియాకు టీకాలు వేశారు. డొరతీ ఫెరెబీ అనే డాక్టరమ్మ వాళ్లకు నాయకురాలు. కూలీలను వైద్యానికి పంపడానికి పొలం యజమానులు ఒప్పుకోకపోతే, కార్లనే పొలాల దగ్గరికి తీసుకెళ్లారు. అడిగిందే లోతు చేశారన్నమాట. మా పల్లె ముసలావిడ గుర్తొచ్చింది.

ఇంతవరకు సేవ సంగతి. సోదరత్వం సంగతి ఇంకా కష్టమైనది.

పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో 1973 నుంచి ఏటా ఒక నృత్య మహోత్సవం జరుగుతుంది. సోదర సంఘాలే మొదలుపెట్టాయి. క్యాన్సర్ సోకిన పిల్లల కోసం ఇప్పుడు ఏటా కోటి డాలర్లకు పైగా వసూలవుతుంది. అదే విశ్వవిద్యాలయంలో 2017 ఫిబ్రవరిలో, ఒక సోదర సంఘంలో చేరబోతున్న 19 ఏళ్ల కుర్రవాడి చేత అతిగా తాగించారు. మెట్ల మీద పడి తల పగిలింది. అన్నలు సుమారు పన్నెండు గంటలు ఎవరినీ పిలవలేదు. చనిపోయాడు. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం కఠినమైన చట్టం చేసింది. దేశమంతటికీ వర్తించే చట్టం మీద 2024 డిసెంబరులో, మా వాడు ఇక్కడున్న రోజుల్లోనే, సంతకం అయింది. మనం మాత్రం తీసిపోలేదు. 1996లో తమిళనాడులో ఒక వైద్య విద్యార్థిని సీనియరు చంపిన తరువాతే 1997లో ఇక్కడ ర్యాగింగు నిషేధ చట్టం వచ్చింది.

ఒకే చోట అంత దయ, అంత నిర్దయ ఎలా ఇముడుతాయని మా మేనల్లుడు ఆశ్చర్యపోయాడు. నాకు ఆశ్చర్యం లేదు.

నేను చదివిన కాలేజీ హాస్టల్లో తెలుగువాళ్లం పదిహేను మందిమి. తమిళ పిల్లల మధ్య మాదొక గుంపు. ఉగాది చేసేవాళ్లం. డబ్బు లేనివాడికి ఫీజు కట్టేవాళ్లం. చిన్నవాళ్లు పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవకూడదు, అన్నా అనాలి. నా రెండో ఏట హోసూరు వైపు నుంచే ఒక రైతు బిడ్డ చేరాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మనవాడవునో కాదో తేల్చాలని మా పెద్దవాళ్లు వాణ్ణి ధనుర్మాసపు చలిలో నీళ్ల తొట్టిలో నిలబెట్టి అ ఆలు వరుసగా చెప్పమన్నారు. వాడికి రావు. ఎవరూ నేర్పలేదు. తప్పినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి. నేను తొట్టి దగ్గర దీపం పట్టుకున్నాను. మూడు రాత్రుల తరువాత వాడు పెట్టె తీసుకుని వెళ్లిపోయాడు. వార్డెను అందరినీ అడిగారు. "మనవాళ్లను మనమే పట్టిస్తామా" అన్నారు పెద్దన్నలు. నాకేమీ తెలియదని చెప్పాను. ఆ నెలలోనే మా గుంపంతా ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రక్తం ఇచ్చాం. మా పేర్లు పేపర్లో వచ్చాయి.

బ్యాంకుకు సర్దుబాటు హక్కు అని ఒకటుంది, సెట్ ఆఫ్ అంటాం. మీరు మాకు బాకీ ఉండి, మీ డిపాజిట్ మా దగ్గరే ఉంటే, దాన్ని బాకీకి మళ్లించుకోవచ్చు. కానీ షరతు ఉంది. రెండూ ఒకే మనిషివి, ఒకే హోదాలోవి అయి ఉండాలి. అన్న బాకీకి తమ్ముడి డిపాజిట్ పట్టుకోకూడదు. ఈ నియమాన్ని ముప్పై ఏళ్లుగా కొత్తవాళ్లకు బోధిస్తున్నాను. సేవ చేసే సంఘాలన్నీ, మా గుంపుతో సహా, ఈ నియమాన్నే తప్పుతున్నాయని ఇన్నాళ్లకు తోచింది. క్యాన్సర్ పిల్లలకు ఇచ్చిన డాలర్లు ఆ పిల్లల ఖాతాలో నిజమైన జమే, అందులో ఒక్క పైసా తగ్గించడానికి ఎవరికీ హక్కు లేదు. మెట్ల కింద పడి ఉన్నవాడి ఖాతా వేరు. మేమిచ్చిన రక్తం ఎవరికో ఎక్కే ఉంటుంది, వాళ్లు బతికే ఉంటారు. తొట్టిలో నిలబడ్డవాడి బాకీ అలాగే ఉంది.

అల్పసంఖ్యాకులం కాబట్టి గుంపు కట్టక తప్పదంటారు. నిజమే, ఈ పత్రిక చేతిలోకి తీసుకున్న మనందరికీ ఆ అవసరం తెలుసు. కానీ మనవాడెవరో తేల్చే పరీక్ష పెట్టేటప్పుడు, అందులో తప్పేవాడు సాధారణంగా మనలో అందరికన్నా దిక్కులేనివాడే. మా వాడికి గ్రీకు రాకపోయినా ఆ మూడక్షరాలు తొడిగి కలుపుకున్నారు. అ ఆలు రావని మేము ఒకణ్ణి వెళ్లగొట్టాం.

ఇదంతా వాడికి చెప్పాను. నాలుగేళ్ల క్రితం సంగతి కూడా చెప్పాను. ఒకాయన నగలు కుదువ పెట్టడానికి మా బ్రాంచికి వచ్చాడు. గులాబీ తోట ఉందన్నాడు. ఫారం మీద ఊరి పేరు, తండ్రి పేరు చూసి నా చేయి ఆగింది. ఆయన బల్ల మీద ఉన్న నా పేరు చదివాడు, నా ముఖం చూశాడు. "సంతకం ఎక్కడ సార్?" అన్నాడు. అన్నా అనలేదు. చూపించాను. తమిళంలో పెట్టాడు.

"మరి నువ్వేమన్నావు మామా?"

"వెనక క్యూ పెద్దగా ఉంది" అన్నాను.

వాడు ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున మా అమ్మ పలక తీసింది. వాడి పక్కన నేనూ కూర్చున్నాను. 'ఋ' దగ్గర తప్పినా, మా అమ్మ వాణ్ణి మళ్లీ మొదటి నుంచి చెప్పమనలేదు.