ఏమరుపాటు కూడ హింసయే కదా?

వ్యాపారి ప్రతి సంవత్సరము దీపావళికి పాత చిట్టా ఆవర్జాలు ముగించి, క్రొత్త పుస్తకములకు పూజ చేయును. రావలసినదెంత, ఈయవలసినదెంత, కొట్టులో సరకెంత అని తేల్చుకొననిదే అతనికి నిద్రపట్టదు. అట్టివాడు తన ఒంటి లెక్క ఏనాడైన చూచుకొన్నాడా? నేను పండితుడను కాను. హైస్కూలు చదువుతోనే కోయంబత్తూరులో అంగడి గద్దె ఎక్కినవాడను. అయినను మా యింట జరిగినదానివలన ఈ ప్రశ్న నన్ను విడువకున్నది.

మా అన్నగారు వ్రతనిష్ఠ గలవారు. ప్రొద్దు గ్రుంకిన పిదప మంచినీళ్లయినను ముట్టరు. "నాకేమి రోగమని డాక్టరు వద్దకు పోవలెనురా?" అనెడివారు. ఏబది యెనిమిదవ యేట ఒక ఉదయము ఆవర్జాలోని అంకెలు మసకగా కనబడినవి. చక్కెర వ్యాధి ఎన్నో యేండ్లుగా ఉండియుండుననియు, కంటిలోని సన్నని రక్తనాళములు చెడినవనియు డాక్టరు చెప్పెను. ఒక కంటి చూపు తిరిగి రాలేదు. "ఇన్నాళ్లు నొప్పి లేదే!" అని అన్నగారు అడుగగా, "నొప్పి లేనప్పుడే రావలసినదండీ" అని మాత్రమే ఆయన బదులు చెప్పెను.

మన దేశస్థుల శరీరతత్త్వము కొంత వేరు. పూనా డాక్టరు యాజ్ఞిక్, లండను డాక్టరు యుడ్కిన్ అను ఇద్దరు స్నేహితుల సంగతి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చినది. ఎత్తుకు తగిన బరువు లెక్కలో ఇద్దరును సమానులే. కాని ఒంటిలోని క్రొవ్వు లండను వానికి నూటికి 9.1 పాళ్లు, మనవానికి 21.2 పాళ్లు! సన్నగా కనబడుటయే ఆరోగ్యమని మనము నమ్మరాదు. మన దేశమున 10 కోట్లకు పైగా మధుమేహ రోగులు గలరని 2023లో వైద్య పరిశోధనా మండలి వారి సర్వే తెలిపినది. మాంసము ముట్టని మనమును అందులో ఉన్నాము. తెల్లని అన్నము, నెయ్యి, మిఠాయి, దినమంతయు గద్దెపై కూర్చుండుట, ఇవి వ్రతభంగములు కావు గాని, లెక్కకు రాక మానవు.

ఇది తప్పించుకొనరాని కర్మమందురా? చెన్నపట్టణమున వ్యాధి అంచున నున్నవారిని మూడేండ్లు పరిశీలించి 2006లో ఫలితము ప్రకటించిరి. మామూలుగా విడిచినవారిలో నూటికి 55 మందికి వ్యాధి వచ్చినది. నడక, మితాహారము అలవరచుకొన్నవారిలో 39 మందికే వచ్చినది. పూర్తిగా తప్పలేదు, నిజమే. కాని నూటికి పదునారు కుటుంబముల దుఃఖము చిన్నదా?

దేహము నశించునది, దానిపై ఇంత మమకారమేల యని కొందరు పెద్దలు అడుగుదురు. మంచి ప్రశ్నయే. దినమున కొక పరీక్ష చేయించుకొని భయపడుచుండుట మమకారమే. కాని మన పెద్దలు హింసకు మూలము ప్రమాదమనిరి, అనగా ఏమరుపాటు. చీమను చూడక త్రొక్కినవాడు "నాకు తెలియదు" అన్న చాలదు, చూచి నడువవలసినది. ఒంటి విషయమున మాత్రము ఆ మాట చెల్లునా? అన్నగారి చేయి పట్టుకొని నడిపించుచున్న వదినగారి కష్టము ఎవరి లెక్కలో వ్రాయవలెను? కడుపులో కొంత ఖాళీ ఉంచి లేచు ఊనోదరి తపస్సును మన మతము ఎన్నడో చెప్పినది. ఉపవాసపు మరునాటి పారణలో మనము దానిని మరచుచున్నాము.

మధురలో డాక్టరు గోవిందప్ప వెంకటస్వామిగారు 1976లో 11 పడకలతో అరవింద కంటి ఆసుపత్రిని స్థాపించిరి. రోగులు వత్తురని కూర్చుండక, ఊరూర శిబిరములు జరిపించిరి. మన సంఘమును అట్లే చేయరాదా? పుస్తకపూజ వారములోనే మనతోపాటు గుమాస్తాలకు, హమాలీలకు కూడ చక్కెర, రక్తపుపోటు పరీక్షలు చేయింతము. మందులు వాడువారు డాక్టరునడిగియే ఉపవాసము పట్టవలెను.

నేనును పరీక్ష చేయించుకొంటిని. నాకును చక్కెర ఉన్నది. ఇప్పుడు వేకువనే నడచుచున్నాను. అన్నగారు నా భుజముపై చేయి వేసి వెంట నడచుచున్నారు.