విప్పుకోగల కట్టు

పుత్తూరు వెదురుబద్దల కట్టయినా, ఆసుపత్రి పిండికట్టయినా, ఒకసారి వేశాక విప్పే పని మనది కాదు. వేసినవాళ్లు విప్పేదాకా ఓపిక పట్టడమే. ఇప్పుడు చీలమండ ఎముక చిట్లిన చాలామందికి వాకింగ్ బూటు ఇస్తున్నారు. మోకాలి కిందిదాకా గట్టి ప్లాస్టిక్ చట్రం, లోపల మెత్త, అడుగున వంపు తిరిగిన సోలు, బిగించడానికి వెల్‌క్రో పట్టీలు. చీలమండ కదలదు, మనిషి మాత్రం కదులుతాడు.

ఈ బూటులో నన్ను ఆలోచింపజేసేది ఆ పట్టీలే. స్నానానికో, డాక్టరు చెప్పిన వ్యాయామానికో విప్పి మళ్లీ మనమే బిగించుకోవచ్చు. కాలికి కాపలా ఉండే బాధ్యత వైద్యుడి చేతిలోంచి మన చేతికి వచ్చిందన్నమాట. మనం దాన్ని మోయగలమా?

ఎముక విరిగినవాడికి నొప్పి తోడుంటుంది. బూటు లేకుండా రెండడుగులు వేస్తే అదే వెనక్కి లాగుతుంది. షుగరుతో నరాలు మొద్దుబారిన పాదానికి ఆ తోడు లేదు. అలాంటి అరికాలికి పుండు పడినవాళ్లకు, దాని మీద బరువు పడకుండా ఇలాంటి బూటే ఇస్తారు. అమెరికాలో 2003లో అలాంటి రోగుల నడకను పరికరాలతో లెక్కించి చూస్తే, రోజులో వేసే అడుగుల్లో బూటుతో వేసినవి 28 శాతమే. 2005లో ఇంకో అధ్యయనం వచ్చింది. కొందరికి బూటు మామూలుగా ఇచ్చారు. కొందరికి అదే బూటు తొడిగి, విప్పడానికి వీల్లేకుండా పైన బ్యాండేజీ చుట్టారు. 12 వారాల్లో మొదటివారిలో 52 శాతం మందికి పుండు మానితే, రెండోవారిలో 83 శాతం మందికి మానింది.

ఇది చదివి ‘మనిషికి స్వేచ్ఛ ఇస్తే ఇంతే’ అనేయడం తేలిక. కానీ విప్పినవాళ్లంతా నిర్లక్ష్యంతోనే విప్పారా? మన ఇళ్లలో చెప్పులు గుమ్మం బయటే విడుస్తాం. వంటింట్లోకీ దేవుడి గదిలోకీ బూటుతో వెళ్లడానికి ఎంతమందికి మనసొప్పుతుంది? నాట్లు వేసే మనిషి దాన్ని వేసుకుని బురదమడిలో ఎలా దిగుతుంది? నొప్పి తెలియని కాలు, ఆగితే గడవని ఇల్లు: ఈ రెంటి మధ్య నిలబడ్డ మనిషిది ఎంత స్వేచ్ఛ?

అలాగని ఆ బ్యాండేజీని బలవంతమని కొట్టిపారేయలేను. పుండు ముదిరితే వేలో, పాదమో తీసేయాల్సి రావచ్చు. ఇవాళ్టి అడుగు మీద నాకున్న హక్కు గొప్పదా, వచ్చే ఏడాది నడిచే కాలి మీద ఉన్న హక్కా? ‘నా చేతిని నేను నమ్మలేను, మీరే కట్టేయండి’ అని మనిషి తెలిసి అడిగితే అదీ స్వేచ్ఛే అని నా నమ్మకం. అడగకుండా కడితే మాత్రం, పుండు మానినా, ఆ మనిషిని మనం లెక్కలోకి తీసుకోనట్టే.

అయితే ఆ ఒప్పుకోలు సంతకంతో పూర్తవుతుందా? ఒప్పుకున్నాక కూడా మడిలో దిగాల్సిందే అయితే దాన్ని ఒప్పుకోవడం అనగలమా? కట్టు వేసే ముందు పుండు లోతుతో పాటు, అది మానేదాకా ఈ ఇంటికి కూలి డబ్బులు ఎక్కణ్నుంచి వస్తాయన్నదీ అడగాలి. దానికి జవాబు చెప్పాల్సింది రోగి ఒక్కడే కాదు.