నడిచేది నేను, ఇచ్చేది మీరు

ఈ మే నెలలో వంద మైళ్ళు నడిచి, క్యాన్సర్ రోగుల సేవాసంస్థ ఒకదానికి విరాళాలు పోగుచేస్తానని ఫోన్లో చెబితే, తెనాలి నుంచి నాన్నగారు అడిగిన మొదటి ప్రశ్న: "నువ్వు నడిస్తే వాళ్ళెందుకురా డబ్బులివ్వడం?"

ఇరవై ఏళ్ళుగా ఇంగ్లండులో ఉంటున్నా నాకీ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు. మన దగ్గర నడక అంటే మొక్కు. అలిపిరి మెట్లెక్కితే పుణ్యం ఎక్కినవాడిది. హుండీలో వేసేది వేరే సంగతి. ఇక్కడ ఒకరు నడుస్తారు, ఇంకొకరు ఇస్తారు, మూడోవారికెవరికో మేలు జరుగుతుంది. తర్కానికి నిలిచే లెక్క కాదిది. నా నడకవల్ల ఏ రోగికీ నొప్పి తగ్గదు.

అయినా 2020 ఏప్రిల్లో, నూరేళ్ళు నిండబోతున్న కెప్టెన్ టామ్ మూర్ వాకర్ పట్టుకుని తన 25 మీటర్ల పెరట్లో వందసార్లు నడిచాడు. మొదట ఆశించింది వెయ్యి పౌండ్లు. ఎన్.హెచ్.ఎస్. సేవానిధులకు వచ్చింది 3 కోట్ల 20 లక్షలకు పైనే. అంతకుముందు జనం దగ్గర ఆ డబ్బు లేకపోలేదు. అడిగేవాడు తన వంతుగా ఏదో ఒకటి ముందు పెట్టాలి. ఆస్తి లేనివాడు కాళ్ళు తాకట్టు పెడతాడు.

గుప్తదానం గొప్పది కదా, ఈ చాటింపు ఎందుకని కొందరు మిత్రులంటారు. ఇచ్చేవాడు దాచుకోవచ్చు, జోలె పట్టినవాడు దాక్కుంటే ఎలా? 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడిగింది నలుగురి ముందే. వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానన్నదీ నలుగురి ముందే. ఆపైన వినోబా ఏళ్ళ తరబడి దేశమంతా నడిచారు. లక్షల ఎకరాలు దానంగా వచ్చాయి. వాటిలో సాగుకు పనికిరానివీ, పేదవాడి చేతికి చేరనివీ ఎన్నో. నడక అందరికీ కనబడింది. పట్టా చేరిందో లేదో చూసినవాళ్ళు తక్కువ.

అందుకే అడిగేవాడికి కొన్ని కట్టుబాట్లుండాలి అనిపిస్తుంది. బూట్లూ, ప్రయాణం ఖర్చులూ విరాళంలోంచి తీయకూడదు. జాబితాలో మొదటి పద్దు నాదే కావాలి. డబ్బు ఎక్కడికి వెళ్ళిందో ఇచ్చినవారికి చెప్పాలి. అన్నిటికంటే కష్టమైనది నాలుగోది: కాదనలేనివారిని అడగకూడదు. మా ప్రాజెక్టులో మొన్ననే చేరిన కుర్రాడి టైంషీటు మీద నేను సంతకం పెడతాను. ఎంత నవ్వుతూ అడిగినా అతనికది విరాళం కాదు, పన్ను. అందుకే అతన్ని అడగలేదు.

ఇప్పటికి ముప్ఫై ఎనిమిది మైళ్ళయ్యాయి. పదకొండుమంది ఇచ్చారు. ఇవ్వనివారి పేర్లు రాసుకోలేదు.