నా శరీరం నా ఒక్కదానిదేనా?

“నా ఒళ్ళు, నా ఇష్టం” అని మనం ఎన్నోసార్లు అంటుంటాం. సూక్ష్మజీవుల పాఠం చదివినప్పటి నుంచి నాకు ఆ మాట మీద అనుమానం వచ్చింది.

2016లో శాస్త్రవేత్తలు వేసిన లెక్క ప్రకారం ఒక మనిషి ఒంట్లో సుమారు 30 లక్షల కోట్ల మానవ కణాలుంటే, బ్యాక్టీరియాలు సుమారు 38 లక్షల కోట్లు. అన్నీ కలిపి తూచినా దాదాపు 200 గ్రాములే. వాటిలో ఎక్కువ భాగం పెద్దపేగులో ఉంటాయి. అక్కడ ఆక్సిజన్ దాదాపు ఉండదు. అలాంటి చోట బతికేవాటిని అవాయు బ్యాక్టీరియా అంటారు. మనకు ప్రాణవాయువైనదే వాటిలో చాలావాటికి విషం!

మా హోసూరు వైపు తినే రాగిముద్ద, ఉలవలు, అనపగింజలలో పీచు ఎక్కువ. దాన్ని మనంతట మనం అరిగించుకోలేం. ఈ బ్యాక్టీరియాలు దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ వంటి పదార్థాలను తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ముఖ్యమైన ఆహారం అదే. ఆ కణాలు దాన్ని వాడుకుంటూ ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తాయి. అందువల్ల పేగులో ఆక్సిజన్ పెరగదు, బ్యాక్టీరియాలు క్షేమంగా ఉంటాయి. ఒకరి వల్ల ఒకరు బతుకుతున్నాం.

ఇక్కడే నా ప్రశ్న. బ్యాక్టీరియాకు మనసు లేదు. మనకు మేలు చేయాలని అది అనుకోదు. అనుకోకుండా చేసిన మేలుకు మనం రుణపడతామా?

మా నాయనను అడిగితే, “పురుగులకేం రుణం? ప్రాణం నిలిపే మందుకు రుణపడాల” అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. నిమోనియా వంటి జబ్బులో యాంటీబయాటిక్ ప్రాణం కాపాడుతుంది. అప్పుడు బ్యాక్టీరియా మీద జాలిపడి మందు మానేయడం దయ అనిపించుకోదు.

కానీ ఉత్త జలుబుకు కూడా మెడికల్ షాపులో రెండు యాంటీబయాటిక్ మాత్రలు అడిగి తెచ్చుకునేవాళ్ళు ఎంతమంది లేరు? జలుబు వైరస్ వల్ల వస్తుంది. ఆ మాత్ర వైరస్‌ను ఏమీ చేయలేదు. పేగులో మనకు పనికొచ్చే బ్యాక్టీరియాలు మాత్రం చస్తాయి. ఆ ఖాళీలో క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే ఇంకో అవాయు బ్యాక్టీరియా పెరిగి, తీవ్రమైన విరేచనాలు తెప్పించవచ్చు. అంతటితో అయిపోదు. మందుకు లొంగని బ్యాక్టీరియాలు మిగిలి, ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. నేను అవసరం లేకుండా మింగిన మాత్ర, రేపు పక్కింటి అవ్వ జబ్బును మొండి జబ్బు చేయవచ్చు. ఇంక “నా ఒళ్ళు, నా ఇష్టం” అని ఎట్లా అనేది?

బ్యాక్టీరియాకు రుణం తీర్చాలా అంటే, అవసరం లేదనే నేనూ అంటాను. అది మన నుంచి ఏమీ కోరలేదు. కానీ దానికి మన సంగతి తెలియదు, మనకు దాని సంగతి తెలుసు. తెలిసినవాళ్ళ మీదే బాధ్యత ఉంటుంది. డాక్టరు చెప్పకుండా యాంటీబయాటిక్ వాడకూడదు. చెప్తే, చెప్పినన్ని రోజులూ వాడాలి. రోజూ పళ్ళెంలో పీచున్న తిండి ఉండాలి.

మా నాయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. మిత్రులారా, మీ ఇంట్లో కూడా ఈ ప్రశ్న అడిగి చూడండి.

— పదో తరగతి విద్యార్థిని